ఇనుము ఎక్కువైన గోరువంక, సున్నము తక్కువైన తొండ

(ఉపన్యాస పాఠము)



నగర్‌నార్ నివాసులకు ఇనుమును గురించియు, సున్నపురాయిని గురించియు వేరుగా చెప్పవలసిన పని లేదు. బైలాడిలా కొండలనుండి వచ్చు ఖనిజమును, కోకును, సున్నపురాయిని తూచి, పాళ్లు సరిచూచి బ్లాస్టు ఫర్నేసునకు అందించుటయే ఇచ్చటి అనేక కుటుంబముల జీవనాధారము. ఏటికి 30 లక్షల టన్నుల ఉక్కు తయారుచేయు శక్తి గల ఈ కర్మాగారము 2023 ఆగస్టులో తన మొదటి ఉక్కుచుట్టను ఇచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన జాతికి అంకితము చేయబడినది. ఫర్నేసులో సున్నము పాలు తగ్గినచో గంధకము ఇనుములోనే నిలిచిపోవును. సున్నము మితిమీరినచో మడ్డి చిక్కబడి దిగిరాదు. పాళ్లు తప్పిన కొలిమి మంచి లోహము నీయదని ఇచ్చటి చిన్నపిల్లలకు సైతము తెలియును.

ప్రాణుల శరీరమును ఇట్టి కొలిమియే. అందును ఇనుము కలదు, సున్నము కలదు, వేడి కలదు. పంజరములోనో, గాజుపెట్టెలోనో పెట్టి పెంచు ప్రాణికి ఆ పాళ్లు చూచువాడు యజమాని ఒక్కడే. అడవిలో నున్నపుడు ఆ ప్రాణి తన పాళ్లను తానే చూచుకొనును. ఇంటికి తెచ్చినది మొదలు ఆ బాధ్యత తెచ్చినవారిది. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నియో ప్రాణులు అకాలమరణము పొందుచున్నవి.

స్వస్థలములకు దూరముగా, క్వార్టర్లలో కాపురముండు ఉద్యోగుల ఇండ్లలో తాతలు, అమ్మమ్మలు సాధారణముగా ఉండరు. పిల్లలకు తోడుగా ఒక కుక్కపిల్లయో, రంగుల పిట్టలో, గాజుతొట్టిలో చేపలో ప్రవేశించును. ఇటీవల పట్టణములలో విదేశపు బల్లులు కూడ ప్రవేశించుచున్నవి. కొన్నాళ్లకు ఆ ప్రాణి జబ్బుపడి మరణించును. “ఎందుకు చచ్చిపోయింది నాన్నా?” అని పిల్లవాడడుగును. “దాని ఆయుస్సు అంతే” అని పెద్దలు సమాధానము చెప్పుదురు. ఆ కన్నీరు చూడలేక, వచ్చు ఆదివారమే బజారునకు పోయి మరియొక ప్రాణిని తెత్తురు. అదే పంజరము, అదే గిన్నె, అదే మేత. రెండవ ప్రాణియు మొదటి దాని దారినే పోవును. “ఆయుస్సు అంతే” అను మాట అనేక సందర్భములలో నిజము కాదని చెప్పుటయే ఈ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము. చనిపోయిన ప్రాణి ఒక లెక్క మిగిల్చి పోవును. ఆ లెక్క తేలనిదే రెండవ ప్రాణిని తెచ్చుట న్యాయము కాదు.

ఇందుకు బస్తరులోనే ఒక గొప్ప ఉదాహరణము కలదు. అది కొండగోరువంక. తెలుగువారి వాడుకలో చిలుకాగోరువంకల జోడు తెలియనివారుండరు. పెరటిలో తిరుగు గోధుమరంగు గోరువంకకు ఇది దూరపు చుట్టము. నిగనిగలాడు నల్లని ఒడలు, నారింజవన్నె ముక్కు, పసుపుపచ్చని కాళ్లు, కన్నుల వెనుకనుండి మెడ వరకు వ్రేలాడు పసుపుపచ్చని తోలుమడతలు, ఎగిరినపుడు రెక్కలలో మెరయు తెల్లని మచ్చ దీని లక్షణములు. బస్తరు అడవులలోను, ఒడిశా కొండలలోను, ఉత్తరాంధ్రపు మన్యములోను ఉండు ఈ రకమును 1933లో పక్షిశాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన ఉపజాతిగా వర్ణించిరి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము దీనిని తన రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది.

ఈ పక్షికి ప్రఖ్యాతి తెచ్చినదియు, ఆపద తెచ్చినదియు దాని గొంతే. పిల్లగా పట్టి పెంచినచో మనుష్యుని మాటను మనుష్యుని స్వరముతోనే పలుకును. ఇంటి యజమాని దగ్గును, తలుపు కిర్రుమనుటను కూడ అనుకరింపగలదు. ఆశ్చర్యమేమనగా అడవిలో నున్న కొండగోరువంక ఇతర పక్షుల కూతలను అనుకరింపదు. తన ఇరుగుపొరుగున నున్న తన జాతి పక్షుల పలుకులనే నేర్చుకొనును. పంజరములో దానికి ఇరుగుపొరుగు లేదు గనుక మనుష్యుని మాట నేర్చుకొనును. ఆ మాటలకు లోకము ముచ్చటపడి, చెట్టుతొర్రలలోని పిల్లలను తీయించి అమ్మకమునకు పెట్టినది. దేశదేశములకు ఎగుమతులు సాగినవి. ఇట్లు అడవులు ఖాళీయగుట ఒక వంక జరుగుచుండగా, పంజరములు చేరిన పక్షులు మరియొక వింత జబ్బుతో మరణింపసాగినవి.

పైకి పక్షి ఆరోగ్యముగనే కనపడును. తినును, పలుకును. పిమ్మట ఒకనాడు ఆయాసపడును, పొట్ట ఉబ్బును, రెక్కలు వ్రేలవేయును. కొన్ని పక్షులు ఏ సూచనయు లేకయే కుప్పకూలును. మరణించిన పక్షులను కోసి పరీక్షించిన పశువైద్యులకు కాలేయము ఉబ్బి, రంగు మారి, ఇనుముతో నిండియుండుట కనపడినది. ఇనుము నిలువ వ్యాధి అని దీనికి పేరు. పంజరములోని కొండగోరువంకలు ఈ వ్యాధికి ప్రత్యేకముగా లోనగునవని ప్రపంచమందలి పశువైద్యగ్రంథము లన్నియు చెప్పుచున్నవి. ఇది పంజరపు ఇనుపకమ్మీల వలన వచ్చు జబ్బు కాదు. మేతలోనుండి వచ్చునది.

దీని కారణము విచారింపదగినది. మనుష్యుని పేగులు శరీరమునకు కావలసినంత ఇనుమును మాత్రమే పీల్చుకొని తక్కినదానిని విడిచిపెట్టును. నిలువలు నిండినచో తలుపు మూయును. కొండగోరువంక పేగులలో ఈ తలుపు సరిగా మూతపడదు. అడవిలో అది తిను మఱ్ఱి, రావి, మేడి మొదలగు పండ్లలో ఇనుము స్వల్పము. కొన్నిటిలోని వగరు ఆ స్వల్పమును కూడ బంధించివేయును. దొరికిన కొద్దిపాటిని వదలక పీల్చుకొను గుణము అట్టి బ్రతుకునకు తగినట్లు ఆ జాతికి అలవడియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. అట్టి పక్షిని ఇంటికి తెచ్చి, బలము కలుగునని మాంసపు ముక్కలు, కుక్కల బిస్కట్లు, ఇనుము చేర్చిన సిద్ధాహారములు పెట్టినచో, అది నిత్యము ఇనుమును మూటగట్టుకొనుచునే యుండును. యజమాని ప్రేమతో పెట్టిన మేతయే దానికి విషమగును.

ఇచ్చట ఒక వైపరీత్యమును గమనింపుడు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశమున 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. అందుకు ఇనుము లోపించుట ఒక ముఖ్యకారణము. వైద్యులు ఇనుపమాత్రలు ఇచ్చి, భోజనముతో నిమ్మరసము పుచ్చుకొనుడనియు, భోజనమైన వెంటనే టీ త్రాగవద్దనియు చెప్పుదురు. పులుపు ఇనుమును లోనికి చేర్చును, టీలోని వగరు అడ్డగించును. కొండగోరువంకకు ఈ సలహా పూర్తిగా తలక్రిందులగును. దానికి మేతతో నిమ్మ, నారింజ జాతి పండ్లు పెట్టరాదు. వగరు మేలు చేయును. ఒకే ఇంటిలో, ఒకే పూట, తల్లికి ఔషధమైనది పిట్టకు విషము. ప్రేమ యొక్కటియే చాలదు, ఎవరికేది తగునో తెలిసిన ప్రేమ కావలెను అనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

వ్యాధి తెలిసిన పిమ్మట జంతుప్రదర్శనశాలలు దారి మార్చుకొన్నవి. కిలో ఎండుమేతలో ఇనుము 100 మిల్లీగ్రాములకు మించకుండ చూచుట, మాంసము తగ్గించుట, అత్తి, బొప్పాయి, పుచ్చ, అరటి వంటి పులుపులేని పండ్లు పెట్టుట ఆచారమైనది. జబ్బుపడిన పక్షికి కొద్దికొద్దిగా రక్తము తీసియు, ఇనుమును బయటికి పంపు మందు లిచ్చియు చికిత్స చేయుదురు. తొలి పక్షుల మరణములు తరువాతి పక్షులకు ఆయువు పోసినవి. ఎవరో ఒక వైద్యుడు “దాని ఆయుస్సు అంతే” అని ఊరకుండక, చనిపోయిన పక్షిని కోసి చూచుటచేతనే ఇది సాధ్యమైనది.

ఇక రెండవ ఉదాహరణము. తెలుగు పల్లెలలో కంచెలమీద తల ఆడించు తొండను ఎరుగనివారు లేరు. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని సామెత. ఆ తొండ కుటుంబమునకే చెందిన జీవి యొకటి ఆస్ట్రేలియా మధ్యభాగపు ఎండు నేలలలో నున్నది. కోపము వచ్చినపుడు గొంతు క్రింది ముండ్ల చర్మమును ఉబ్బించి నల్లబరచుటచేత గడ్డము పెంచినట్లు కనపడును. అందుచేత దానికి బియర్డెడ్ డ్రాగన్ అని పేరు వచ్చినది. గడ్డపుతొండ అనవచ్చును. మూరెడు పొడవు పెరుగును. నెమ్మదియైన స్వభావము కలది. చేతిమీద కూర్చుండును, ముందుకాలు ఎత్తి మెల్లగా ఊపును. చక్కగా పెంచినచో పదేండ్ల వరకు బ్రతుకును. ఆస్ట్రేలియా ప్రభుత్వము తన దేశపు వన్యప్రాణులను వ్యాపారము కొరకు ఎగుమతి చేయనీయదు. ఇతర దేశములలో అమ్ముడగునవి అచ్చటనే పంజరములలో పుట్టిన సంతతి. ప్రపంచమున బల్లిజాతులలో ఇండ్లలో ఎక్కువగా పెంచబడువానిలో ఇది యొకటి. ఏడాది తిరుగకయే మరణించుటయు వీనిలో తరచు జరుగుచున్నదే.

గోరువంక ఇనుము ఎక్కువై చచ్చును. గడ్డపుతొండ సున్నము తక్కువై చచ్చును. దవుడ మెత్తబడును, కాళ్లు వంకరపోవును, వ్రేళ్లు వణకును, పట్టుకొన్నంతనే ఎముక విరుగును. మేతలో సున్నము లేకపోవుట ఒక కారణము. కీచురాళ్లలో భాస్వరము ఎక్కువ, సున్నము బహు తక్కువ. మేత మొత్తముమీద భాస్వరము ఒక పాలుండగా సున్నము రెండు పాళ్లుండుట మంచిది. కనుక కీటకములను సున్నపు పొడిలో దొర్లించి పెట్టుదురు. ఐనను కొందరు పొడి చల్లియు తొండను పోగొట్టుకొందురు. ఏలయన సున్నము కడుపులోనికి పోయినంత మాత్రమున ఎముకకు చేరదు. దానిని చేర్చునది డి విటమిను. ఆ విటమిను చర్మముపై సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు పడినపుడు తయారగును. కిటికీ గాజు ఆ కిరణములను ఆపివేయును. గాజుకిటికీ ప్రక్కన ఎండలో పెట్టితిమని తృప్తిపడు యజమాని, వెలుగు నిచ్చినాడే కాని సున్నమును ఎముకకు చేర్చు కిరణము నీయలేదు.

ఈ రహస్యము ఒక్క తొండకు చెందినది కాదు. లండను జంతుప్రదర్శనశాలలో సింహపుపిల్లలు ఈతకు ఈత ఎముకలు వంగి మరణించుచుండెడివి. ఎముకలేని ముదురు గుఱ్ఱపుమాంసము వాని ఆహారము. 1889లో బ్లాండ్ సటన్ అను శస్త్రవైద్యుడు చూచి, నలుగగొట్టిన ఎముకలు, పాలు, కాడ్ చేపనూనె చేర్పించెను. మూడు నెలలలో పిల్లలు కోలుకొన్నవి. ఆ మీదటి ఈతలు పెరిగి పెద్దవైనవి. తరువాత 1919లో బెర్లిను నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు ఎముకలు వంగిన మనుష్యబాలురకు అతినీలలోహిత దీపకాంతి చూపి ఆ వ్యాధిని కుదిర్చెను. బాలింతరాలి ఒడిలోని బిడ్డకు నూనె రాచి లేయెండ చూపించు తెలుగింటి ముసలమ్మల ఆచారములోని మేలు దీనితో తేటపడినది. సింహపుపిల్ల, పసిబిడ్డ, ఆస్ట్రేలియా తొండ, ఈ మూడింటి ఎముకకును ఒకటే శాస్త్రము.

కావున గడ్డపుతొండను పెంచదలచినవారు మొదట దాని దేశమును తెలిసికొనవలెను. జగదల్‌పూరు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల ఎత్తున నున్నది. వానకాలము దీర్ఘము, మబ్బు దట్టము, గాలిలో తేమ మెండు. శీతకాలపు రాత్రులు చల్లన. తొండ పుట్టిన నేల ఎండుభూమి. అందుచేత దాని పెట్టెలో ఒక చివర 38 నుండి 42 డిగ్రీల వేడి గల ఎండుబండ యుండవలెను. రెండవ చివర 25 డిగ్రీల ప్రాంతమున చల్లగా నుండవలెను. వేడి కావలసినపుడు ఒకవైపునకు, చాలినపుడు రెండవవైపునకు అదియే నడచును. వేడి చాలనిచో తిన్న మేత అరగదు. అతినీలలోహిత దీపము పగలంతయు వెలుగవలెను. ఆ దీపము కంటికి వెలుగుచున్నట్లే కనపడుచున్నను దాని కిరణశక్తి నెలలు గడచినకొలది క్షీణించును. సామాన్యముగా ఆరునెలలనుండి సంవత్సరములోపల మార్చవలసియుండును. గాలి ఆడునట్లు పై భాగము జల్లెడతో మూయవలెను. వానకాలమున ఇది మరింత ముఖ్యము.

మేత విషయమున పిల్లతొండకు కీటకములు ఎక్కువ, ఆకులు తక్కువ. పెద్దదానికి ఆకుకూరలు ఎక్కువ, కీటకములు తక్కువ. మునగాకు, గుమ్మడి, బెండ వంటివి మేలు. పాలకూరలోని ఒక ఆమ్లము సున్నమును బంధించును గనుక నిత్యము పెట్టరాదు. పెట్టు కీటకము తొండ రెండు కన్నుల నడిమి వెడల్పునకు మించరాదు. తోటలోని పురుగులను పట్టి వేయుట ప్రమాదము. వాని మీద క్రిమిసంహారపు మందు లుండవచ్చును. ముఖ్యముగా మిణుగురు పురుగును దరిచేరనీయరాదు. అమెరికాలో ఒక్క మిణుగురును మ్రింగిన గడ్డపుతొండలు కొద్ది గంటలలో మరణించిన సంగతి 1990ల దశకమున వెల్లడియైనది. వానకాలపు రాత్రి దీపమునకు ఆకర్షింపబడి వచ్చు పురుగులతో ఆటలాడించుట తగదు.

ఇంతవరకు పాళ్లు తప్పుటచేత వచ్చు జబ్బులు చెప్పబడినవి. అంటుజబ్బులు వేరు. గడ్డపుతొండ పేగులలో కాక్సీడియా అను సూక్ష్మజీవులు పెరిగి, విరేచనములు పట్టించి, శుష్కింపజేయును. వీని గుడ్లు పెట్టెలోని ఇసుకలోను, కొయ్యలోను చాలకాలము సజీవముగా నుండును. సామాన్యపు ఫినాయిలుకు లొంగవు. మరుగునీటికి, ఆవిరికి లొంగును. అడినోవైరసు అను మరియొకటి పిల్లతొండలను నెమ్మదిగా క్షీణింపజేయును. దానికి మందు లేదు. పైకి ఆరోగ్యముగ నున్న తొండ కూడ దానిని మోయుచు ఇతరములకు అంటింపవచ్చును. చనిపోయిన తొండ పెట్టెలో వారము తిరుగకుండ రెండవ తొండను దింపుటలోని ప్రమాదము ఇదియే. పల్లెలలో కొక్కెర తెగులు తగిలి కోళ్లు పోయిన గూటిలో, గూడు శుద్ధి చేయక కొత్తకోళ్లను విడుచు రైతు పొరపాటునకు ఇది సమానము.

కనుక ఇంటిలో పెంచిన ప్రాణి మరణించినపుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. దుఃఖమున వెంటనే పాతిపెట్టకుండ, కళేబరమును సంచిలో చుట్టి చల్లగా నుంచవలెను. గడ్డకట్టింపరాదు, గడ్డకట్టినచో కణములు చెడి పరీక్షకు పనికిరావు. పరీక్ష తరువాత చేయింపదలచినచో ఆలస్యము పనికిరాదు. ప్రభుత్వ పశువైద్యుని ఆశ్రయించి మరణకారణమును విచారింపవలెను. ఈ రాష్ట్రమున దుర్గు సమీపములోని అంజోరాలోను, తెలుగునాట రాజేంద్రనగరము, తిరుపతి, గన్నవరములలోను పశువైద్య కళాశాలలు కలవు. ఫలితము తెలిసిన పిమ్మట పాత ఇసుకను, కొయ్యముక్కలను పారవేసి, మిగిలిన సామగ్రిని మరుగునీట శుద్ధిచేసి, ఎండబెట్టి, కొంతకాలము ఖాళీగా నుంచవలెను.

రెండవ ప్రాణిని తెచ్చుటకు ముందే దాని ఇల్లు సిద్ధము కావలెను. దీపము వెలిగించి, రెండు చివరల ఉష్ణమాపకములు పెట్టి, వారము దినములు కొలతలు చూచిన పిమ్మటనే ప్రాణిని తేవలెను. ఫర్నేసును వేడిచేసి సరిచూచుకొనక ముడిసరుకు నింపువారుందురా? తెచ్చిన పిమ్మట ఇంటిలో వేరొక తొండ యున్నచో రెండు మూడు నెలలు వేరు గదిలో నుంచవలెను. రెండింటికిని వేరువేరు గిన్నెలు వాడవలెను. మలమును పశువైద్యునిచే పరీక్ష చేయింపవలెను. వారమున కొకమారు తూచి, తిన్న మేతను, బరువును ఒక పుస్తకమున వ్రాయవలెను. షిఫ్టు మారునపుడు లాగుపుస్తకము వ్రాయు అలవాటు గల ఇండ్లలో ఇది కష్టము కాదు. పిల్లలకు ఈ పని అప్పగించినచో లెక్కయు వచ్చును, బాధ్యతయు వచ్చును. బల్లిజాతులు జబ్బును దాచుకొనును. అడవిలో జబ్బు కనపరచినది శత్రువునకు ఆహారమగును గదా! అవి దాచిన జబ్బును కంటికంటె ముందు త్రాసు చెప్పును.

ఇట్లు చేసిన ఇంటిలో పిల్లవాడు రెండవమారు అడుగవలసిన ప్రశ్నకు అవకాశము తగ్గును. ఒకవేళ అడిగినను తండ్రి దగ్గర నిజమైన సమాధాన ముండును. మొదటి తొండ వృథాగా పోలేదని, దాని వలన రెండవది బ్రతికినదని చెప్పగలుగును. పసిమనస్సునకు ఇంతకంటె ఓదార్పు వేరొకటి లేదు.

ఐతే పాళ్లు నేర్చుకొన్నంత మాత్రమున ఏ ప్రాణినైనను పెంచవచ్చునా? కొండగోరువంకను, రామచిలుకను ఇంటిలో పెంచరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వానిని పట్టుట, అమ్ముట, కొనుట, పంజరములో నుంచుట నేరము. అదే చట్టమునకు 2022లో జరిగిన సవరణయు, 2024లో వచ్చిన నియమములును పట్టికలో చేరిన విదేశీప్రాణులను కలిగియున్నవారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయింపవలెనని విధించుచున్నవి. ఏ విదేశీప్రాణినైనను కొనుటకు ముందు దాని జాతి, జన్మస్థానము, రసీదు విచారించుట ఉద్యోగస్థులకు మరింత అవసరము.

చట్టముకంటె బలమైన కారణము కూడ కలదు. కొన్ని ప్రాణుల దేశమును ఏ పెట్టెలోను సృష్టింపలేము. కొండగోరువంకలను రక్షింపదలచి జగదల్‌పూరులోని వనవిద్యాలయ ప్రాంగణమున పెద్ద పంజరము కట్టి సంతతి పెంచుటకు అనేక సంవత్సరములు ప్రయత్నము జరిగినది. సంకల్పము మంచిది. కాని ఫలింపలేదు. ఆ పక్షులలో ఆడదానికిని, మగదానికిని కంటికి భేదము కనపడదు. జోడు కుదురుటయే కష్టము. ఎత్తైన చెట్టుతొర్ర, తమకు నచ్చిన జోడు, ఋతువునకు తగిన పండు, ఇరుగుపొరుగు పక్షుల పలుకు, ఇవన్నియు కలిసినగాని వాని కాపురము సాగదు.

పంజరములో సంతతి పెంచుట ఎచ్చటను ఫలింపదని దీని అర్థము కాదు. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల సహాయముతో 2010లో కొద్దిపాటి మూషిక జింకలతో ఆరంభమైన ప్రయత్నము ఫలించి, 2017లో కొన్నిటిని అమ్రాబాదు అడవిలో విడుచుట జరిగినది. ఆ జింకకు కావలసిన పాళ్లు అందినవి. గోరువంకకు అందలేదు. తేడా అంతమాత్రమే.

బస్తరు ఈ లెక్కను చక్కగా నేర్చుకొన్నది. పంజరములో ఫలింపని పని ఇపుడు అడవిలో సాగుచున్నది. 1982లో ఏర్పడిన కాంగేరు లోయ జాతీయవనమున, సుమారు 200 చదరపు కిలోమీటర్ల అడవిలో, స్థానిక గిరిజన యువకులు మైనా మిత్రులు అను పేర పక్షుల జాడలు, గూళ్లు కనిపెట్టి కాపాడుచున్నారు. పిల్లలను దింపు చేతులే గూటికి కావలి కాయుచున్నచో అంతకంటె కావలసినదేమి? 2025లో ఈ వనము యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినది.

నగర్‌నార్‌లోని తెలుగు కుటుంబములు ఈ పనిలో పాలుపంచుకొనుటకు గొప్ప త్యాగములు చేయనక్కరలేదు. ఎవరైనను గోరువంకపిల్లను తెచ్చి చూపినపుడు జాలిపడి కొనకుండుట మొదటి సాయము. కొన్నచో ఇంకొక తొర్రకు నిచ్చెన వేసినట్లే యగును. అట్టి సంగతి అటవీశాఖకు తెలుపుట రెండవది. మఱ్ఱి, రావి, మేడి చెట్లను నాటుట, ఉన్నవానిని నరుకకుండుట మూడవది. ఎండి నిలిచిన మాను పనికిమాలినదని తలంపకుండుట నాల్గవది. వడ్రంగిపిట్ట తొలిచిన ఆ మానులోని తొర్రయే గోరువంకకు పురిటిగది.

ఇనుమును ఎక్కడ పెంచవలెనో, సున్నమును ఎంత చేర్చవలెనో ఎరిగిన ఈ ఊరివారికి ఈ విషయము బోధపడుట కష్టము కాదు. పెంచదగిన ప్రాణిని దాని పాళ్లు తెలిసికొని పెంచుడు. పెంచరాని ప్రాణిని దాని చెట్టుమీదనే యుండనిండు. కాంగేరు లోయకు పోయిన ఆదివారమున, ఎత్తైన కొమ్మమీదనుండి ఒక నల్లని పిట్ట తన సొంతభాషలో పలికినచో, పిల్లలను ఒక నిమిషము నిలిపి విననిండు. మనుష్యుడు నేర్పని ఆ పలుకు ఏ పంజరములోను వినబడదు.